బొమ్మసంద్రలో పై పోర్షన్ రోజువారీ అద్దెకిస్తే జీఎస్టీ, కరెంటు, లైసెన్సు సంగతేంటి?

మదనపల్లె అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె. బెంగళూరులో బొమ్మసంద్ర దగ్గర, మా నాన్న పసుపు కుంకుమ కింద కొనిచ్చిన సైటులో ఇల్లు కట్టుకున్నాం. ఈ-ఖాతా (ఆస్తి రికార్డు) నా పేరు మీదే ఉంది. కింద మేముంటాం, పైన రెండు సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్లు. ఒకదాంట్లో ఒక కుటుంబం నెలకు 11,000 అద్దెకు ఉంటోంది. రెండోదాంట్లో ఉన్న ఎలక్ట్రానిక్ సిటీ అబ్బాయి పెళ్లి కుదిరి పెద్ద ఇంటికి మారిపోయాడు. అప్పటి నుంచీ అది ఖాళీ.

మా ఇంటి నుంచి నారాయణ హృదయాలయ ఆసుపత్రికి నడిచి వెళ్లొచ్చు. మన కడప, అనంతపురం వాళ్లతో పాటు బెంగాల్ నుంచి, బంగ్లాదేశ్ నుంచి కూడా గుండె ఆపరేషన్లకని వస్తారు. మా వీధిలో సగం బోర్డులు బెంగాలీలోనే ఉంటాయి. పేషెంటు లోపలుంటే బయట ఇద్దరు ముగ్గురికి తలదాచుకోవడానికి గది కావాలి, వండుకోవడానికి పొయ్యి కావాలి. ఎదురింటి ఆవిడ మూడు గదులు రోజుకింత అని ఇస్తోంది. 2025 ఆగస్టులో మెట్రో పసుపు లైను బొమ్మసంద్ర దాకా వచ్చినప్పటి నుంచి జయదేవ గుండె ఆసుపత్రికి తిరిగేవాళ్లు కూడా ఇక్కడే దిగుతున్నారట. ‘నీ పోర్షన్ ఎందుకమ్మా ఖాళీగా పెట్టుకుంటావ్, రోజుకు వెయ్యి ఎక్కడికీ పోదు’ అంటుంది.

నాకు ఆశగానే ఉంది. మా ఆయనకే భయం. ఆయనకు హెబ్బగోడిలో చిల్లర కొట్టు ఉంది. ఏడాదికి 33 లక్షల దాకా అమ్మకం, జీఎస్టీ నంబరు లేదు. 2025 జూలైలో ఫోన్‌పే, గూగుల్‌పే లెక్కలు చూసి చిన్న కొట్లవాళ్లకు నోటీసులు ఇచ్చారు కదా, ఊరంతా ‘నో యూపీఐ, ఓన్లీ క్యాష్’ కాగితాలు అంటించారు కదా, అప్పటి నుంచి ఏ కొత్త రాబడి అన్నా ఆయనకు టెన్షనే. ఆన్‌లైన్‌లో గదులు బుక్ చేసే ఎయిర్‌బిఎన్‌బిలో పెడితే జీఎస్టీ నంబరు తీసుకోవాల్సిందేనా? పెట్టకుండా నేరుగా ఇస్తే అవసరం లేదా? డబ్బులు కొట్టు క్యూఆర్ కోడ్ మీదే వేయించుకుందాం, ఎలాగూ ఫోన్ మోగుతుంది అంటున్నాడు. అది సరేనా?

ఇంకోటి. పై పోర్షన్ మీటరుకు గృహజ్యోతి (కర్ణాటక ఉచిత కరెంటు పథకం) వస్తోంది. అది పోతుందా? పురసభలో (ఇక్కడి మున్సిపాలిటీలో) లైసెన్సు అడుగుతారా? బంగ్లాదేశ్ వాళ్లకు ఇస్తే పోలీసుల దగ్గర ఏమైనా చెప్పాలా? ఎదురింటావిడను అడిగితే ‘అవన్నీ ఎవరు చేస్తారు’ అని నవ్వేసింది. ఆ నవ్వు చూశాకే ఇక్కడ అడుగుతున్నాను.

జయనగర్ ఆడిటర్

అమ్మా, మీరు అడిగిన అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఆ క్యూఆర్ కోడ్. కాబట్టి ముందు అది.

కొట్టు క్యూఆర్ మీద ఒక్క రూపాయి అద్దె కూడా వేయించుకోవద్దు. మీ వారిది సరుకుల వ్యాపారం. కర్ణాటకలో కేవలం సరుకులు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్. సర్వీసులు ఇచ్చేవాళ్లకు ఆ హద్దు 20 లక్షలే. రెండూ కలిపి చేసేవాళ్లకూ 20 లక్షలే. మీ వారి అమ్మకం 33 లక్షలు. గది అద్దె ఆయన ఖాతాలో పడటం మొదలైతే, ఆయన సరుకులతో పాటు బస కూడా అమ్ముతున్నట్టు కనబడుతుంది. రోజుకు వెయ్యి రూపాయల గది 33 లక్షల కొట్టును తీసుకెళ్లి జీఎస్టీలో కూర్చోబెడుతుంది. తర్వాత ‘ఇల్లు మా ఆవిడది సార్’ అని కాగితాలు చూపించుకుంటూ తిరగాలి. ఆ తిరుగుడు ఎందుకు?

ఇల్లు మీ పేరు మీద ఉంది, సైటు మీ నాన్నగారు ఇచ్చింది. మీకు మీ పాన్ ఉంది కదా. అద్దె మీ పాన్, మీ బ్యాంకు ఖాతా, మీ క్యూఆర్. జీఎస్టీ హద్దును పాన్‌ను బట్టి చూస్తారు, కుటుంబాన్ని బట్టి కాదు. కొట్టు ఆయనది, గది మీది. ఈ రెండు లెక్కలూ ఎప్పుడూ కలవకూడదు.

మీ లెక్క చూద్దాం. నెల అద్దె పోర్షన్ 11,000 చొప్పున ఏడాదికి 1,32,000. రోజువారీది ఒక్కరోజు కూడా ఖాళీ లేకుండా వెయ్యి చొప్పున నిండిందనుకున్నా 3,65,000. మొత్తం 4,97,000. ఇల్లుగా వాడుకోవడానికి ఇచ్చే నెల అద్దెకు జీఎస్టీ లేదు, కానీ 20 లక్షల లెక్కలో దాన్నీ కలుపుతారు. కలిపినా మీరు ఆ హద్దు దరిదాపుల్లో లేరు. నేరుగా ఇస్తే జీఎస్టీ లేదు, నంబరు అక్కర్లేదు.

ఎయిర్‌బిఎన్‌బి లాంటివాటిలో పెడితే? ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లందరికీ నంబరు తప్పనిసరి అని చాలామంది బెదిరిస్తారు. బస విషయంలో అలా కాదు. జీఎస్టీ చట్టం సెక్షన్ 9(5) కింద, ఇచ్చేవారు 20 లక్షల లోపు ఉంటే పన్ను కట్టాల్సింది ఆ ప్లాట్‌ఫామే. గది రోజుకు 7,500 దాకా ఉంటే 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. అంతకుముందు 12 ఉండేది. అంటే మీ వెయ్యి రూపాయల గదికి గెస్టు మరో 50 కడతాడు, వాళ్లే వసూలు చేసి వాళ్లే ప్రభుత్వానికి కడతారు. తమ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీ దగ్గర పట్టుకుంటారు, అది మీకు తిరిగి రాదు.

ఇన్‌కమ్‌టాక్స్ వైపు: ప్లాట్‌ఫాం ఇచ్చే డబ్బు మీద 0.1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) పట్టాలి (2024 అక్టోబరుకు ముందు 1 శాతం). మీలాంటి వ్యక్తులకు ఏడాదికి 5 లక్షల లోపైతే అది కూడా పట్టరు, కానీ పాన్ లేదా ఆధార్ ఇచ్చి ఉండాలి. ఇవ్వకపోతే 5 శాతం పట్టేస్తారు. సైన్ అప్ అయ్యేటప్పుడు ‘తర్వాత ఇస్తాలే’ అని ఆ గడి వదిలేయొద్దు.

సొంత ఇల్లు అద్దెకిస్తే వచ్చేది ఇంటి ఆదాయం కిందకే వస్తుందని 2024 బడ్జెట్‌లో తేల్చేశారు. అందులో 30 శాతం మరమ్మతుల కింద ఉత్తినే తీసేస్తారు. 4,97,000లో 30 శాతం తీస్తే 3,47,900. వేరే ఆదాయం లేకపోతే, 2025-26కు కొత్త పన్ను పద్ధతిలో 4 లక్షల దాకా పన్నే లేదు. మీరే భోజనం పెట్టి, రోజూ దుప్పట్లు మార్చి లాడ్జీలాగా నడిపితే అది వ్యాపార ఆదాయం అనే వాదన వస్తుంది. అప్పుడు ఖర్చులు చూపించుకోవాలి, పుస్తకం రాసుకోవాలి. ఈ అంకెల దగ్గర ఎటు చూసినా మీకు పన్ను పడదు. అయినా రిటర్ను వేయండి. రేపు ఎవరైనా ‘ఈ యూపీఐ డబ్బులేంటి’ అని అడిగితే అదే మీ జవాబు.

బెళ్లందూరు బాబాయ్

అమ్మాయ్, నీది ఇండిపెండెంట్ ఇల్లు. సగం గండం గట్టెక్కినట్టే. మా లాంటి అపార్ట్‌మెంట్ వాళ్ల బాధ వేరు.

నాది బెళ్లందూరులో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. కొడుకు అమెరికా పోయాక రోజువారీకి ఇచ్చాను. ప్రభుత్వం నన్ను ఏమీ అనలేదు. అన్నది అసోసియేషనే. మాది 1972 నాటి కర్ణాటక అపార్ట్‌మెంట్ చట్టం కింద రిజిస్టరైన సంఘం, బైలాస్ (సంఘం నియమాలు) ఉన్నాయి. వాటిలో ‘నివాసానికి మాత్రమే’ అనే మాట ఉంది. ఏజీఎంలో (ఏడాది సమావేశంలో) లేచి, ప్రతి శనివారం కొత్త మొహాలు, కొత్త కార్లు, స్విమ్మింగ్‌పూల్ దగ్గర బీరు సీసాలు అని ఒకాయన ఏకరువు పెట్టాడు. నా గెస్టులు తాగలేదు, అది వేరే బ్లాకు. అయినా రోజువారీ అద్దెలు వద్దని తీర్మానం అందరికీ కలిపే పెట్టారు. గేటు దగ్గర యాప్‌లో ఎంట్రీ ఇవ్వకపోతే సెక్యూరిటీ అబ్బాయి లోపలికి పంపడు. రాత్రి పదకొండుకు గెస్టు గేటు బయట, నేను జేపీ నగర్‌లో. కోర్టుకు పోయి నెగ్గొచ్చని లాయరు చెప్పాడు. నెగ్గి మళ్లీ అదే లిఫ్టులో అదే మొహాలు చూడాలి కదా. ఇప్పుడు నెలలకే ఇస్తున్నాను, ప్రాణం హాయిగా ఉంది.

ఆస్తి పన్ను సంగతి ఒకటి. బీబీఎంపీ (పాత బెంగళూరు కార్పొరేషన్) పోయి 2025 సెప్టెంబరులో గ్రేటర్ బెంగళూరు అథారిటీ, అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. మాది ఈస్టు. పేరు మారినా లెక్క పాతదే: సొంతంగా ఉంటే ఒక రేటు, అద్దెకిస్తే దానికి రెట్టింపు, కమర్షియల్ అయితే ఇంకో పట్టిక. అద్దెకిచ్చి ‘సొంతంగా ఉంటున్నాం’ అని సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో టిక్కు పెట్టేవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే బోలెడు మంది. నీది పురసభ కాబట్టి నీ పట్టిక వేరు. కానీ ఆ టిక్కు ఎక్కడైనా టిక్కే, చూసి పెట్టు.

చందాపుర రెడ్డి

అక్కా, నేను అనంతపురం వాణ్ని. హాస్పిటల్‌కు వచ్చేవాళ్లకే రెండు గదులు నడుపుతున్నాను. ఆడిటర్ గారు డబ్బు లెక్క చెప్పారు, నేను మనుషుల లెక్క చెప్తాను.

బంగ్లాదేశ్ వాళ్ల గురించి ముందు. విదేశీయులు ఎవరికి గది ఇచ్చినా, వచ్చిన 24 గంటల లోపల ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) వెబ్‌సైట్‌లో వాళ్ల వివరాలు పెట్టాలి. అందరూ ఫారం-సి అనే అంటారు. హోటలుకే కాదు, మన లాంటి ఇళ్లకూ ఇదే రూలు. ముందు మీ ఇంటి అడ్రసుతో అందులో రిజిస్టర్ చేసుకోవాలి, అది ఒక్కసారి చేస్తే చాలు. తర్వాత ఎవరొచ్చినా పాస్‌పోర్టు, వీసా, ఫోటో ఎక్కించడం పది నిమిషాల పని. 2025 సెప్టెంబరు 1 నుంచి విదేశీయుల చట్టమే కొత్తది వచ్చింది, కాబట్టి ‘పాతకాలం రూలు, ఎవరూ చూడరు’ అనే మాట ఇక చెల్లదు. వీసా మీద మెడికల్ అని ఉందో టూరిస్టు అని ఉందో చూడండి. పేషెంటుకు మెడికల్ ఉంటే తోడొచ్చినవాళ్లకు మెడికల్ అటెండెంట్ వీసా ఉంటుంది. అది లేనివాళ్లను వెంటనే అనుమానించకండి, కానీ నేను మాత్రం హాస్పిటల్ అపాయింట్‌మెంట్ కాగితం అడిగి ఫోటో తీసుకుంటాను. ఒరిజినల్ పాస్‌పోర్టు మాత్రం మీ దగ్గర పెట్టుకోకండి. ఒకరిద్దరు ఓనర్లు అడ్వాన్సు బదులు అది బీరువాలో పెట్టేసుకుంటారు, చాలా తప్పు.

మనవాళ్లయినా రిజిస్టరు పెట్టండి. పేరు, ఊరు, ఫోను, ఎవరి కోసం వచ్చారు, వచ్చిన తేదీ, పోయిన తేదీ, సంతకం. ఆధార్‌లో చివరి నాలుగు అంకెలు కనబడే కాపీ చాలు. బీటు కానిస్టేబుల్ వస్తే ఆ పుస్తకం ముందు పెడతాను, టీ తాగి పోతాడు.

రేటు సంగతి. రోజుకు వెయ్యి అని బోర్డు పెట్టకండి, వారానికి ఇంత అని పెట్టండి. ఆపరేషన్ చెప్పిన రోజున జరగదు. జ్వరం వస్తుంది, రక్తం దొరకదు, వాయిదా పడుతుంది. ఏడు రోజులని వచ్చినవాళ్లు ఇరవై ఉంటారు. రోజువారీ లెక్కయితే వాళ్లు ప్రతి పొద్దునా మీ మొహం చూసి భయపడతారు. ఆటోవాళ్లు మనిషికింత అని కమీషన్ అడుగుతారు, మొదటి నెల ఇవ్వండి, తర్వాత వార్డులో వాళ్లలో వాళ్లే మీ నంబరు చెప్పుకుంటారు.

ఇంకో మాట చెప్పడానికి నోరు రావడం లేదు, కానీ చెప్పాలి. అప్పుడప్పుడు పేషెంటు దక్కడు. ఆ రాత్రి వాళ్లు బట్టలు మూట కట్టుకుని అంబులెన్స్ వెనక పోతారు. మిగిలిన డబ్బు అడగకండి. అడ్వాన్సు ఉంటే వాళ్ల ఫోనుకు తిరిగి వేసేయండి. నెలకు ఒక్కటైనా ఇలాంటిది ఉంటుందని ముందే లెక్కలో వేసుకుంటేనే ఈ పనిలోకి దిగండి.

సర్జాపుర కుర్రోడు

ఇంత అవసరమా? మా ఏరియాలో పదిమంది నడుపుతున్నారు, ఒక్కరికీ లైసెన్సు లేదు, ఎవరూ అడగలేదు. క్యాష్ తీసుకోండి, అయిపోతుంది.

జయనగర్ ఆడిటర్

బాబూ, 2025 జూలై దాకా కూరగాయల బండివాళ్లు కూడా ఇదే మాట అన్నారు. అడగనంత కాలం ఎవరూ అడగరు, అడిగినప్పుడు నాలుగేళ్ల లెక్క ఒకేసారి అడుగుతారు. పైగా ఈమె కట్టాల్సిన పన్ను సున్నా. సున్నాను దాచిపెట్టడానికి క్యాష్ ఎందుకు?

అమ్మా, మిగిలిన రెండు ప్రశ్నలు. బొమ్మసంద్ర గ్రేటర్ బెంగళూరు కార్పొరేషన్ల కిందకు రాదు, మీది పురసభ. కాబట్టి బెంగళూరు పీజీల (పేయింగ్ గెస్ట్ హాస్టళ్ల) గురించి 2024లో బీబీఎంపీ పెట్టిన రూల్స్, మనిషికి 70 చదరపు అడుగులు, రోజుకు 135 లీటర్ల నీళ్లు లాంటివి, మీకు ఎవరైనా చదివి వినిపిస్తే కంగారు పడకండి. అవి పీజీలకు, అవి ఆ ఊరికి. మీరు పురసభ ఆఫీసులో ట్రేడ్ లైసెన్స్ చూసే గుమాస్తాను కలిసి, ‘కింద మేమే ఉంటున్నాం, పైన ఒక పోర్షన్ హాస్పిటల్ అటెండర్లకు ఇస్తాం’ అని రాసిచ్చి, లైసెన్సు కావాలా అక్కర్లేదా అని అక్నాలెడ్జ్‌మెంటుతో అడగండి. నోటితో అడిగితే నోటితోనే జవాబిస్తారు, మనిషి మారగానే జవాబూ మారుతుంది. ఓనరు అక్కడే ఉండటం మీకు పెద్ద బలం. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకానికి కూడా ఓనరు కుటుంబం అదే ఇంట్లో ఉండాలి, ఒకటి నుంచి ఆరు గదుల దాకా ఒప్పుకుంటారు. కర్ణాటక పర్యాటక శాఖ దగ్గర కూడా హోమ్‌స్టే రిజిస్ట్రేషన్ ఉంది. ఒక్క పోర్షన్‌కు అవి తొందర లేదు, రెండోది కూడా ఖాళీ అయితే ఆలోచించండి.

గృహజ్యోతి ఇంట్లో కాపురం ఉండేవాళ్లకు, అద్దెకున్నవాళ్లతో సహా. నెలకు 200 యూనిట్ల లోపు. రోజుకో మనిషి దిగే గదికి అది వర్తించదు. ఇంకా ఆ మీటరుకు పాత కుర్రాడి ఆధార్ లింకు అయి ఉంటే, అతను సేవా సింధు అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో డీలింక్ చేసుకుంటే తప్ప కొత్త ఇంట్లో అతనికి రాదు. ఫోన్ చేసి చేయించండి, అతనూ సంతోషిస్తాడు. ఆ తర్వాత ఆ మీటరు మీద మళ్లీ పెట్టుకోవద్దు. బెస్కాంలో (ఇక్కడి కరెంటు సంస్థలో) లాడ్జీలకు కమర్షియల్ టారిఫ్ ఉంది. ఇంటి మీటరు మీద ఉచిత కరెంటు తీసుకుంటూ పైన గదులు నడిపితే, పక్కింటివాళ్ల ఒక్క ఫిర్యాదు చాలు. బిల్లు నెలకు ఎంతొస్తుందో చూసి వారం అద్దెలో కలుపుకోండి.

మదనపల్లె అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. మొత్తం మా ఆయనకు చదివి వినిపించాను. 33 లక్షలు, 20 లక్షలు అనే ముక్క దగ్గర ఆయన కుర్చీలోంచి లేచాడు. ఇప్పుడు కొట్టు క్యూఆర్ కోడ్ నా కంటికి కనబడకుండా దాచేలా ఉన్నాడు. నా ఎస్‌బీఐ ఖాతాకు వేరే క్యూఆర్ తెప్పించుకుంటున్నాను. అది మోగే ఫోన్ కూడా నాదే, కాబట్టి డబ్బూ నాదే అని చెప్పేశాను.

రెడ్డి అన్నా, నువ్వు చెప్పిన ఆ రాత్రి సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. వారం లెక్కే పెడతాం. వారానికి 5,500 అనుకుంటున్నాం, కరెంటు కలిపి. మొదట మన జిల్లాల వాళ్లకే ఇస్తాను. ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో రిజిస్టర్ అయ్యాకే బయటి దేశం వాళ్లు. పురసభకు అర్జీ కన్నడలో రాయాలి, మా పెద్దమ్మాయి రాసిపెడుతుంది, అది ఇక్కడే చదివింది.

అన్నా, ఒక్క ప్రశ్న మిగిలింది. వంట సామాను మనమే పెట్టాలా, వాళ్లే తెచ్చుకుంటారా? గ్యాసు సిలిండరు నాది ఇవ్వాలంటే భయంగా ఉంది.

చందాపుర రెడ్డి

గ్యాసు వద్దక్కా. ఇంటి సిలిండరు అద్దె గదికి పెడితే అదింకో తలనొప్పి, రాత్రి ఎవరైనా కట్టేయడం మర్చిపోతే ఇంకా పెద్దది. ఇండక్షన్ స్టవ్ పెట్టండి, అడుగు బల్లపరుపుగా ఉన్న మూడు లీటర్ల కుక్కరు, ఒక పాన్, రెండు గిన్నెలు, నాలుగు ప్లేట్లు. పేషెంటుకు గంజి, ఉప్పు లేని పప్పు, వీళ్లకు అన్నం, అంతకు మించి ఎవరూ వండరు. కుక్కరు విజిళ్లు మాత్రం అరడజను కొని దాచండి. ఎక్కడికి పోతాయో తెలియదు కానీ, పోతాయి.